తీర్థయాత్ర – ముడుపు ధర్మము

తీర్థయాత్ర చేయవలెనను కోరిక పుట్టని ఆస్తిక గృహము అరుదు. కాశీ విశ్వేశ్వరుని దర్శింపవలెనని ఒకరు, తిరుమల కొండ నెక్కవలెనని ఒకరు, సేతువున స్నానమాడవలెనని మరియొకరు కోరుకొందురు. కోరిక పుట్టుట పూర్వజన్మ సుకృతము. అది నెరవేరుట మాత్రము ఈ జన్మలోని నియమముపై ఆధారపడియున్నది. బండి కదలిన నాడు యాత్ర మొదలైనదని సామాన్యులు తలతురు. పెద్దలు అట్లు తలపలేదు. పసుపు గుడ్డలో మొదటి నాణెము ముడివేసిన నాడే యాత్ర ప్రారంభమైనదని వారి భావము.

హైదరాబాదు పాతనగరములో శాలిబండ, గౌలిపుర, లాల్‌దర్వాజ, అలియాబాదు, ఉప్పుగూడ మొదలగు వాడలలోని పాత ఇండ్లలో దేవుని గూటిచెంత పసుపు పూసిన చిన్న మూట కనిపించుట కద్దు. అది ముడుపు. దాని ప్రక్కనే ఒక మూలను మట్టితో చేసిన గల్లగురిగి యుండును. ఈ రెండును ఒకటే యని పిల్లలు తలంతురు. పెద్దలలోను కొందరు అట్లే తలంచి ధర్మసంకటములో పడుచుందురు. ఈ రెంటికి గల భేదము తెలియుట యాత్రాధర్మమునకు తొలిమెట్టు.

ముడుపనగా దైవమునకు సంకల్పించి కట్టిన సొమ్ము. స్నానము చేసి, స్వామిని స్మరించి, కోరికనో కృతజ్ఞతనో మనసున నిలిపి, పసుపు గుడ్డలో నాణెము నుంచి ముడివేయుదురు. ముడి పడిన క్షణము నుండి అది గృహస్థుని సొమ్ము కాదు. అది స్వామి సొమ్ము, గృహస్థుడు దానికి కాపలాదారు మాత్రమే. గల్లగురిగిలోని సొమ్ము అట్టిది కాదు. అది దారిబత్తెము. రైలు కూలికి, బసకు, భోజనమునకు, క్షేత్రములో చేయవలసిన కర్మలకు ఇంటివారు కూడబెట్టుకొనునది. ముడుపు భక్తికి గుర్తు, దారిబత్తెము వివేకమునకు గుర్తు. ముడుపు మాత్రమే కట్టి దారిబత్తెము మరచినవాడు అప్పు చేసి యాత్ర చేయును. దారిబత్తెము మాత్రమే చూచుకొని ముడుపు మరచినవాడు విహారయాత్ర చేసి వచ్చును. రెండును కలిసినపుడే తీర్థయాత్ర యగును.

భాగవతములోని కుచేలోపాఖ్యానము ఎరుగని తెలుగువారు లేరు. ద్వారకకు బయలుదేరునపుడు ఆ పేద బ్రాహ్మణునకు స్నేహితుని దర్శించుటకు పోవుచు వట్టిచేతులతో పోరాదన్న తలంపు కలిగెను. భార్య ఇరుగుపొరుగుల నుండి నాలుగు పిడికిళ్ళ అటుకులు తెచ్చి చినిగిన గుడ్డలో ముడివేసి ఇచ్చెను. ఆమె బంగారమును అప్పు తెచ్చి కట్టలేదు. ఉన్నదానిలో, దొరకినదానిలో, సిగ్గుపడవలసినంత కొంచెమును శ్రద్ధతో ముడివేసెను. శ్రీకృష్ణుడు ఆ మూటను తానే లాగుకొని ఆరగించెను. ముడుపు విలువ మూట బరువులో లేదు, ముడివేసిన చేతిలో నున్నది.

మహాభారతములోని అరణ్యపర్వమున తీర్థయాత్రా ప్రసంగము విస్తారముగా కలదు. అందు పులస్త్య మహర్షి ఒక గొప్ప మాట సెలవిచ్చెను. యజ్ఞములకు ద్రవ్యము, సంభారములు, ఋత్విక్కులు కావలెను. అవి రాజులకే గాని దరిద్రునకు సాధ్యములు కావు. దరిద్రుడు సయితము చేయగలిగినదియు, యజ్ఞమును మించిన ఫలము నొసగునదియు తీర్థయాత్ర యని ఆయన వచించెను. తీర్థయాత్ర పేదవాని యజ్ఞము. పేదవాని కొరకు ఏర్పడిన ధర్మమును అప్పులపాలై చేయుట ఎట్టి విపరీతమో ఆలోచింపవలెను.

ఎవనికి తీర్థఫలము దక్కునో కూడ అచటనే చెప్పబడినది. చేతులు, కాళ్ళు, మనస్సు అదుపులో నున్నవాడు, ఒకరి నుండి ప్రతిగ్రహము కోరనివాడు, దొరకినదానితో తృప్తి చెందువాడు ఆ ఫలమునకు అర్హుడు. చేతులు అదుపులో నుండుట యనగా దొంగతనము చేయకుండుట మాత్రమే కాదు. అనవసరముగా ఖర్చు చేయకుండుటయు అందులో చేరును. ఒకరి ఎదుట చేయి చాచకుండుటయు చేరును. యాత్రకై నెలనెలా కొంత దాచు గృహస్థుడు తెలియకయే ఈ మూడు నియమములను ఇంట కూర్చుండి అభ్యసించుచున్నాడు.

అదే పర్వమున లోమశ మహర్షి ధర్మరాజును యాత్రకు తీసికొని పోవుచు, పరివారమును తగ్గించుకొని తేలికగా రమ్మని హెచ్చరించెను. ధర్మరాజు ఆ మాటను తలదాల్చెను. ఆకలి, దప్పి, దారి బడలిక ఓర్వలేని వారిని, రుచులు మరగిన వారిని మరలి పొమ్మని మృదువుగా పలికి, కొద్దిమందితోనే కదలెను. చక్రవర్తియే యాత్రకు ముందు ఖర్చును కుదించుకొన్నాడు. నేటి గృహస్థుడు ఎంతమంది పోవలెను, ఎన్ని దినములు ఉండవలెను, ఏది విడువవచ్చును అని కాగితముపై వ్రాసికొనుట లోభము కాదు. అది లోమశుడు చెప్పిన దారి.

సంపాదనను ఎట్లు పంచుకొనవలెనో భాగవతము అష్టమస్కంధములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పెను. ధర్మమునకు ఒక భాగము, కీర్తికి ఒక భాగము, ధనము వృద్ధి చేయుటకు ఒక భాగము, తన సుఖమునకు ఒక భాగము, తన వారికి ఒక భాగము. ఇట్లు అయిదు భాగములుగా విభజించువాడు ఇహపరములలో సుఖించునని ఆయన బోధ. శుక్రుడు ఆ మాటను వామనునకు దానము వలదని చెప్పుటకు వాడుకొనెను. బలి ఆ బోధను మీరి సర్వమును అర్పించి ధన్యుడయ్యెను. అయినను ఆ విభాగము తప్పని ఎవరును అనలేదు. సర్వార్పణము బలివంటి మహాత్ములకు చెల్లును. ఇల్లాలు, పిల్లలు, వృద్ధులు గల సామాన్య గృహస్థునకు అయిదు భాగముల లెక్కయే రక్ష. తీర్థయాత్ర సొమ్ము ధర్మభాగము నుండి రావలెను గాని, తన వారి భాగము నుండి తీయరాదు.

దాచుటకు హద్దు కలదు. ఏకాదశస్కంధములో అవధూత తన గురువులలో తేనెటీగను గూడ లెక్కించెను. తేనెటీగ కష్టించి తేనె కూర్చును. తాను తినదు, ఒకరికి పెట్టదు. చివరకు తేనె తీయువాడు వచ్చి సర్వమును గొనిపోవును. పాతనగరవాసులకు ఈ పాఠము 1908 సెప్టెంబరు 28న ప్రత్యక్షముగా తెలిసినది. ముచికుందా నదియని పెద్దలు పిలుచు మూసీ పొంగి, ఒక్క దినములో వేలకొలది ప్రాణములను, తరతరముల కూడికను గొనిపోయెను. కనుక దాచినదానికి ఒక ప్రయోజనము, ఒక గడువు ఉండవలెను. గడువు లేని పొదుపు లోభముగా మారును. పొదుపు లేని కోరిక అప్పుగా మారును.

సొమ్ము ఎవరిదను విచారము వచ్చినపుడు భక్త రామదాసును స్మరింపక తప్పదు. శాలిబండ హరిబౌలి చెంత అక్కన్న మాదన్న మహంకాళి ఆలయము నేటికిని బోనాల ఉత్సవములతో విరాజిల్లుచున్నది. గోలకొండను 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కొలువులో అక్కన్న మాదన్నలు ఉన్నతాధికారము వహించిరి. వారి మేనల్లుడు కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా నుండి, వసూలైన రాజ్యపు పన్నుతో భద్రాద్రి రామునకు ఆలయము నిర్మించి, గోలకొండ చెరసాల పాలయ్యెను. ఆ చెరలో ఆయన పాడిన కీర్తనములలో ఒకదానియందు, ఏ నగకు ఎంత సొమ్ము వెచ్చించినది రామునకే లెక్క అప్పగించెను. చివరకు రామలక్ష్మణులే వచ్చి బాకీ చెల్లించి, తానీషా చేత రసీదు వ్రాయించుకొనిరని భక్తలోకము విశ్వసించును.

ఈ కథలో రామదాసు భక్తి ఎంత గొప్పదో, అందులోని హెచ్చరికయు అంత గొప్పది. ఒక లెక్కలోని సొమ్మును మరియొక లెక్కకు మార్చుట, అది ఎంత పుణ్యకార్యమైనను, బంధమునకు దారితీసినది. స్వామి స్వయముగా వచ్చినను బాకీ మాఫీ చేయింపలేదు. పైకముతో సహా తీర్చి రసీదు పొందెను. భగవంతుడే లెక్క చెల్లించెననగా, భక్తుడు లెక్క తప్పవచ్చునా? యజమాని అప్పగించిన పైకముతోనో, చిట్టీ పాడిన ఇతరుల పైకముతోనో, కూతురు పెండ్లికని దాచిన సొమ్ముతోనో యాత్ర చేయ దలచువారు రామదాసు చరిత్రను మరియొకమారు చదువవలెను.

పూర్వకాలపు యాత్రలను తలచినచో నేటి సౌకర్యము ఎంతటిదో తెలియును. చెన్నపట్టణములో సుప్రీంకోర్టున దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. పదునైదు మాసములకు పైబడిన ఆ యాత్రలో ఆయన వెంట సుమారు నూరుగురు నడచిరి. మజిలీల దూరము, నీటివసతి, అంగళ్ళలో దొరకు పదార్థములు మొదలగు సంగతులను ఆయన శ్రద్ధగా వ్రాసియుంచెను. తరువాతి యాత్రికుడు కష్టపడరాదను దయయే ఆ వ్రాతకు మూలము. ఆనాడు ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో కంపెనీవారు యాత్రికుల వద్ద పన్ను గూడ వసూలు చేయుచుండిరి. అది 1840లో రద్దయ్యెను. దారి ఖర్చు, పన్ను, దక్షిణలు, దొంగల భయము ఇన్నింటిని ముందే లెక్కించుకొనక కదలుట ఆనాడు ప్రాణాపాయము. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే అను సామెత అందువలననే పుట్టినది. అందువలననే యాత్రకు ముందు అప్పులు తీర్చి, ఇంటి భారము ఒకరికి అప్పగించి, తప్పులు క్షమింపుమని ఇరుగుపొరుగులను వేడుకొని కదలు ఆచారమును ఏర్పడినది.

హైదరాబాదు వారికి మరియొక చిక్కుండెడిది. నిజాము రాజ్యమున చెల్లు నాణెము హాలీ సిక్కా. పొలిమేర దాటినచో చెల్లునది కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు అని సుమారు లెక్క. గురిగి పగులగొట్టి 70 రూపాయలు కూడినవని సంతోషించిన గృహస్థునకు, మార్చుకొను చోట 60 రూపాయలే చేతికి వచ్చెడివి. ఈ లెక్క ముందే తెలిసినవాడు ఎక్కువగా దాచుకొనెను; తెలియనివాడు నడిదారిలో విచారించెను. 1948లో హైదరాబాదు భారతదేశమున విలీనమైన పిదపను హాలీ సిక్కా కొంతకాలము వాడుకలో నుండి, 1959 నాటికి కనుమరుగయ్యెను.

ఆ నాణెములు పోయినను వాటి పాఠము నిలిచియున్నది. ఇంటి లెక్క వేరు, చేరవలసిన చోటి లెక్క వేరు. ఈ లోకములో కూడబెట్టిన ధనము పరలోకపు పొలిమేర దాటదు. అక్కడ చెల్లు నాణెము ధర్మము. ధనమును ధర్మముగా మార్చుకొనవలసినది ఇక్కడనే, ఇప్పుడే. పేదవానికి పెట్టిన అన్నము, తల్లిదండ్రులకు చేసిన సేవ, తీర్థములో విడిచిన దురభ్యాసము, ఇవి అక్కడ చెల్లు నాణెములు.

ఇక నేటి గృహస్థుడు ఎట్లు నడువవలెను? పాతనగరములో ఒక దుకాణమున గుమాస్తా పని చేయువాని నొకనిని ఊహింతురు గాక. ఇంట వృద్ధురాలైన తల్లి కలదు. కాశీ చూడవలెనని ఆమె కోరిక. అతడు మొట్టమొదట చేయవలసినది ఖర్చును అయిదు వరుసలుగా వ్రాసికొనుట. రానుపోను ప్రయాణపు కూలి మొదటిది. బస, భోజనములు రెండవది. గంగాతీరమున పితృకర్మలు, దానములు, దక్షిణలు మూడవది. వెనుక ఇంటనుండు వారి తిండిబత్తెము నాలుగవది. తిరిగి వచ్చిన పిదప చేయు కాశీ సమారాధన అయిదవది. చివరి రెండును చాలమంది మరచుదురు. గంగ చెంబును తెచ్చి, కాశీదారములు పంచి, బంధువులకు భోజనము పెట్టుటకు చేయి చాలక అప్పు చేసినవారు ఎందరో కలరు. సమారాధనము ఆడంబరము కొరకు కాదు. పది మందికి తీర్థ ప్రసాదము అందించుట కొరకు. అది శక్తికి తగినట్లు పులిహోరతో ముగిసినను లోపము లేదు.

ఈ అయిదును కూడి, అనుకొనని ఖర్చులకు పదింట ఒక వంతు చేర్చవలెను. మొత్తము 36,000 రూపాయలని తేలినచో, నెలకు 1,000 రూపాయల చొప్పున మూడేండ్లకు కూడును. జీతము అందిన నాడే ఆ భాగమును తీసి వేరుగా నుంచవలెను. నెలాఖరున మిగిలినది దాచెదనన్నచో ఏమియు మిగులదు. ఇంట గురిగిలో దాచినను, తపాలా కార్యాలయమున అయిదేండ్ల పాటు నెలనెలా కట్టు పద్ధతిలో దాచినను, రెండును మంచివే. ఎక్కువ ఆశ చూపు అపరిచితుల చేతికి మాత్రము యాత్రా సొమ్ము ఈయరాదు.

పుష్కరములు గృహస్థునకు కాలము ఇచ్చిన గొప్ప పంచాంగము. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినపుడు కృష్ణకు, మేషరాశిలో ప్రవేశించినపుడు గంగకు పుష్కరము. గోదావరి పుష్కరము 2015లో వచ్చినది. మరల 2027లో వచ్చును. కృష్ణా పుష్కరము 2016లో జరిగినది. గంగా పుష్కరము 2023లో జరిగినది. పన్నెండేండ్లకు 4,383 దినములు. దినమునకు పది రూపాయలు దాచినవాడు ఒక పుష్కరము నుండి మరియొక పుష్కరమునకు 43,830 రూపాయలు కూర్చుకొనును. ఒక చిరుతిండి మానుకొన్నంత మాత్రమున ఇది సాధ్యమగును. దినదినము ఆ నాణెము వేయునపుడు నదిని స్మరించినచో, 4,383 మారులు మానసిక స్నానము చేసిన పుణ్యమును కలుగును.

పాతనగరములో ఇరుగుపొరుగుల నున్న మహమ్మదీయులును హజ్ యాత్రకై ఏండ్ల తరబడి దాచుకొందురు. అప్పులు తీర్చి, ఇంటనున్న వారికి తిరిగి వచ్చువరకు బత్తెము ఏర్పరచి, న్యాయార్జితముతో పోగల శక్తి గలవానికే ఆ యాత్ర విధియని వారి శాస్త్రము. మలేషియా దేశములో పల్లెవాసులు హజ్ కొరకు భూములు, పశువులు అమ్ముకొని, తిరిగి వచ్చి దరిద్రులగుచుండుట చూచి, ఉంగ్కు అజీజ్ అను ఆర్థికశాస్త్రవేత్త 1959లో ఒక పొదుపు పథకమును సూచించెను. 1963లో అక్కడి ప్రభుత్వము యాత్రికుల పొదుపు సంస్థనే స్థాపించెను. మతములు వేరైనను ధర్మసూక్ష్మము ఒకటియే. యాత్ర ముగించి వచ్చినవాడు తన ఇంటిలో నిశ్చింతగా దీపము వెలిగించుకొనగలుగవలెను.

ఇప్పుడు మిగిలినది కఠినమైన ప్రశ్న. పైన ఊహించిన గుమాస్తా ఇంట రెండేండ్లు దాచిన పిదప బిడ్డకు జబ్బు చేసినదనుకొందురు గాక. గురిగిలోని సొమ్మును తీయవచ్చునా? ముడుపు విప్పవచ్చునా? విప్పినచో స్వామి ఆగ్రహించునని తల్లి భయపడును. వడ్డీకి తెచ్చుటకు కొడుకు సిద్ధపడును.

ధర్మశాస్త్రము ఇందు సందేహమునకు తావీయలేదు. తన వారు దుఃఖమున నుండగా ఇతరులకు దానము చేయుట ధర్మము కాదు, ధర్మమువలె కనిపించు నకిలీ. అది తేనెవలె తోచి విషముగా పరిణమించునని మనుస్మృతి ఏకాదశాధ్యాయమున హెచ్చరించెను. కనుక దారిబత్తెమును నిస్సంకోచముగా తీయవచ్చును. అది ఇంటివారిది. అది చాలకపోయినచో, ప్రాణరక్షణ కొరకు ముడుపు నైనను విప్పవచ్చును. అయితే పద్ధతి యున్నది. స్నానము చేసి, స్వామి ఎదుట నిలిచి, ఇంత సొమ్ము తీసికొనుచున్నామని చెప్పి, ఆ మొత్తమును వ్రాసి, ఖాళీ గుడ్డలో ఒక్క నాణెమైనను ఉంచి మరల ముడివేయవలెను. బిడ్డ కోలుకొన్న పిదప ఆ బాకీని ముందు తీర్చవలెను. కుబేరుని వద్ద అప్పు తెచ్చి నేటికిని వడ్డీ కట్టుచున్నాడని ప్రసిద్ధి గాంచిన వడ్డికాసులవానికి అప్పుపడినవాని బాధ తెలియదా? ఆయన భక్తుని బిడ్డ వైద్యమునకు అడ్డుపడువాడు కాడు.

ఆపద పేరు చెప్పి ఆడంబరమునకు ముడుపు విప్పుట మాత్రము దోషము. పెండ్లిలో పందిరి గొప్పగా నుండవలెనని, పండుగకు క్రొత్త వస్తువు కొనవలెనని విప్పినది ఆపద్ధర్మము కాదు. ఈ రెంటికి భేదము ఇతరులు చెప్పనక్కర లేదు. ముడి విప్పు చేతికే తెలియును.

మరియొక ధర్మము మిగిలియున్నది. సొమ్ము మరల కూడువరకు వృద్ధాప్యము కాచుకొని యుండదు. తల్లికి మోకాళ్ళు సాగుచుండగానే ఆమె కోరిక తీరవలెను. కాశికి చాలనిచో ధర్మపురి గోదావరికి చాలును. దానికిని చాలనిచో బీచుపల్లి కృష్ణాతీరమునకు చాలును. నదీస్నానము చేయించి, గంగానామము చెప్పి, తల తుడిచి, చేయిపట్టి నడిపించిన కొడుకునకు కాశీఫలము దూరము కాదు. తాహతుకు మించిన క్షేత్రమునకు అప్పు చేసి పోయి, దారి పొడవునను ఖర్చు గురించి తల్లి ఎదుట నిట్టూర్చుటకంటె, దగ్గరి తీర్థమునకు ప్రసన్న ముఖముతో తీసికొని పోవుట వేయిరెట్లు మేలు. కాశీ సంకల్పము విడువనక్కర లేదు. గురిగి ఇంటనే యున్నది, రేపటి నాణెము రేపు పడును.

తిరుమలలో నిలువు దోపిడి మ్రొక్కు తీర్చువారు ఒంటిమీది నగలన్నియు స్వామికి సమర్పింతురు. అట్టివారు సయితము తిరుగు ప్రయాణపు కూలిని ముందుగానే వేరుగా నుంచుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. వినుటకు ఇది వేడుకగా తోచును. అయినను యాత్రాధర్మ మంతయు ఇందున్నది. స్వామికి ఇవ్వవలసినది పూర్తిగా ఇచ్చి, ఒకరి ఎదుట చేయి చాచక ఇల్లు చేరుట భక్తుని మర్యాద.

ప్రతి గృహమునను ఒక ముడుపు, ఒక గురిగి, ఒక లెక్క పుస్తకము ఉండుగాక. ముడుపు భక్తిని, గురిగి నియమమును, పుస్తకము సత్యమును కాపాడుగాక. ఈ మూడును కలిగిన గృహస్థుడు బండి ఎక్కకమునుపే సగము తీర్థము సేవించినవాడు. మిగిలిన సగమును కాలము అనుకూలించినపుడు స్వామియే పిలిచి చూపించును.

శుభమస్తు.